వాగు దాటే పెట్రోలు వాహనం: ఇగ్నిషన్ వ్యవస్థ జలరక్షణ - పరిశీలన

వ్యాససంగ్రహం:

పెట్రోలు ఇంజనుతో నడిచే జీపు తరహా వాహనాలు వాగులు దాటేటప్పుడు మధ్యలో ఆగిపోవడానికి తరచుగా కారణం ఇగ్నిషన్ వ్యవస్థ తడవడం. సందులన్నీ మూసివేస్తే సరిపోతుందన్న అభిప్రాయం వాడుకలో ఉంది. నీటి లోతు కలిగించే పీడనం కంటే, వేడెక్కిన భాగాలు హఠాత్తుగా చల్లబడటం వల్ల పుట్టే చూషణమే ఎక్కువని, అందువల్ల మూతతో పాటు గాలి గొట్టం కూడా అవసరమని ఈ వ్యాసం వివరిస్తుంది. జలరక్షణ పూర్తయిన తరువాత ఇంజనుకు ఎదురయ్యే మరో ప్రమాదాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఇగ్నిషన్, డిస్ట్రిబ్యూటర్, అధిక వోల్టేజి, ఉపరితల లీకేజి, చూషణం, జీపు, జిప్సీ.

1. ఉపోద్ఘాతం:

డీజిల్ ఇంజనులో సంపీడనం వల్ల పుట్టిన వేడికే ఇంధనం మండుతుంది. దానికి స్పార్కు అక్కరలేదు. అందుకే వాగు దాటే విషయంలో డీజిల్ జీపుకు మొదటినుంచీ మంచి పేరుంది. పెట్రోలు ఇంజనుకు మాత్రం ప్రతి పేలుడుకూ ఒక స్పార్కు కావాలి. 1941 నాటి విల్లీస్ జీపు మొదలుకొని, మన దేశంలో 1985లో వచ్చిన మారుతి జిప్సీ వరకు, డిస్ట్రిబ్యూటర్ గల పెట్రోలు వాహనాలన్నింటికీ ఈ పరాధీనత ఉంది.

2. స్పార్కు దారి తప్పే విధానం:

కాయిల్‌లోని ప్రైమరీ చుట్టలో ప్రవహించే విద్యుత్తు హఠాత్తుగా తెగినప్పుడు, విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల సెకండరీ చుట్టలో పదిహేను, ఇరవై వేల వోల్టులు పుడతాయి. డిస్ట్రిబ్యూటర్ ఆ వోల్టేజిని వరుస క్రమంలో ఒక్కొక్క ప్లగ్‌కు అందిస్తుంది. సాధారణ పీడనంలో పొడిగాలిని ఛేదించడానికి మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టులు చాలు. అయితే సిలిండరులోని వాయువు అణచివేయబడి సాంద్రంగా ఉంటుంది కనుక, ఒక మిల్లీమీటరైనా లేని ప్లగ్ ఖాళీని దాటడానికి అంతకు ఎన్నో రెట్ల వోల్టేజి కావాలి. ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. శుద్ధమైన నీరు విద్యుత్తును అంతంతమాత్రంగానే ప్రవహింపజేస్తుంది. వాగు నీటిలో లవణాలు, బురద ఉంటాయి. అటువంటి నీరు డిస్ట్రిబ్యూటర్ మూత మీద పలుచని పొరగా పరచుకుంటే, ప్లగ్ ఖాళీ కంటే ఆ పొరే సులభమైన దారి అవుతుంది. స్పార్కు ఇంజను లోపలికి పోకుండా ఇంజను ఒంటి మీదుగా పారిపోతుంది.

తడి ఆరితే ఇంజను మళ్లీ నడుస్తుందన్నది సగం నిజమే. లీకైన విద్యుత్తు మూత ఉపరితలాన్ని మాడ్చి సన్నని బొగ్గు గీతను మిగిల్చవచ్చు. బొగ్గు విద్యుద్వాహకం కనుక నీరు ఆరినా ఆ దారి మూసుకోదు. అలాంటి మూతను తుడిచి వాడటం వృథా, మార్చవలసిందే. చీకట్లో ఇంజను నడిపి చూస్తే పాత ప్లగ్ వైర్ల వెంట నీలిరంగు మెరుపులు కనిపించడం ఈ లీకేజికి తేలికగా దొరికే ఆధారం.

3. నీరు లోపలికి చేరే మార్గాలు:

వాహనం మునిగితేనే ఇగ్నిషన్ తడుస్తుందనుకోవడం పొరపాటు. నీరు ఫ్యాన్ రెక్కలను తాకగానే ఫ్యాన్ దానిని ఇంజనంతటా చిమ్ముతుంది. అందువల్లనే పాత వాహనాలలో నీటిలో దిగేముందు ఫ్యాన్ బెల్టు తీసివేసే అలవాటు ఉండేది. అదే బెల్టు నీటి పంపును కూడా తిప్పే ఇంజన్లలో ఇది కొద్దిసేపటికే పనికివస్తుంది. వాహనం ముందు భాగానికి టార్పాలిన్ కట్టి, మనిషి నడక వేగంతో వెళ్లడం కూడా ఈ చిమ్మును తగ్గిస్తుంది.

రెండవ మార్గం కంటికి కనిపించదు. నడుస్తున్న ఇంజను పక్కన డిస్ట్రిబ్యూటర్ లోపలి గాలి 90 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉందనుకుందాం. 25 డిగ్రీల నీరు తగిలి అది చల్లబడితే, పరమ ఉష్ణోగ్రత 363 నుంచి 298 కెల్విన్లకు పడిపోతుంది. గాలి చొరని పెట్టెలో పీడనం కూడా అదే నిష్పత్తిలో, అంటే దాదాపు 18 శాతం తగ్గుతుంది. ఇది సుమారు 1.8 మీటర్ల నీటి మట్టంతో సమానం. వాగులో డిస్ట్రిబ్యూటర్ అరమీటరు లోతున ఉన్నా, దానిపై బయటి నీరు కలిగించే అదనపు పీడనం ఇందులో మూడవ వంతైనా ఉండదు. చల్లబడే డిస్ట్రిబ్యూటర్ ఏ చిన్న సందు దొరికినా నీటిని తనంతట తానే పీల్చుకుంటుంది.

4. మూత, గొట్టం:

వైర్ల చివరి రబ్బరు తొడుగుల లోపల సిలికాన్ గ్రీజు పూయడం, మూత అంచున సీలెంట్ వేయడం, పగిలిన వైర్లను మార్చడం ప్రాథమిక చర్యలు. డబ్ల్యూడి-40 వంటి స్ప్రేలు తేమను తొలగిస్తాయి గాని కాపలా కాయవు. పైగా వాటిలోని ద్రావణి మండే స్వభావం కలది. మూత లోపల కొట్టి, ఆరకముందే ఇంజను తిప్పితే అది అంటుకోవచ్చు.

పూర్తిగా బిగించిన డిస్ట్రిబ్యూటర్‌కు మరో లోపం ఉంది. రోటర్ వద్ద నిరంతరం పుట్టే స్పార్కుల వల్ల ఓజోను, నైట్రోజన్ ఆక్సైడులు ఏర్పడతాయి. తేమతో కలిసి అవి ఆమ్లంగా మారి లోహపు కొనలను తినివేస్తాయి. కనుక డిస్ట్రిబ్యూటర్‌కు ఒక సన్నని గొట్టం అమర్చి, దాని కొనను నీరు అందనంత ఎత్తులోకి తీసుకువెళ్లడమే సరైన పద్ధతి. అప్పుడు చూషణం నీటికి బదులు గాలిని పీల్చుకుంటుంది.

సైనిక వాహనాల చరిత్రలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. 1944లో నార్మండీ తీరానికి పంపిన వాహనాల విద్యుత్ భాగాలకు ఆస్‌బెస్టాస్ కలిపిన గ్రీజు పట్టించారు. ఒడ్డుకు చేరాక దానిని తొలగించవలసి వచ్చేది. 1950లో ఉత్పత్తి మొదలైన ఎం-38 జీపులో 24 వోల్టుల ఇగ్నిషన్‌ను రూపకల్పన దశలోనే జలరక్షితంగా చేశారు. కాయిల్, డిస్ట్రిబ్యూటర్ ఒకే గట్టి పెట్టెలో ఇమిడాయి. ఆ పెట్టెను గొట్టాలతో ఇంజను గాలి మార్గానికి కలిపారు. ప్రతి ప్లగ్ మీదా సొంత కాయిల్ గల నేటి ఇంజన్లలో డిస్ట్రిబ్యూటరే లేదు. ప్లగ్ గుంటలలో నిలిచే నీరు, సెన్సర్ల కనెక్టర్లలోని తేమ ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

5. స్పార్కు నిలిచిన తరువాత:

తడిసిన ఇగ్నిషన్ ఇంజనును ఆపివేస్తుంది, విరగ్గొట్టదు. ఒక విధంగా అది ఫ్యూజు వంటిది. జలరక్షణ జరిగిన వాహనానికి ఆ ఫ్యూజు ఉండదు. అది మరింత లోతుకు దిగి గాలి మార్గం గుండా నీటిని పీలుస్తుంది. 1,298 సి.సి. జిప్సీ ఇంజనులో ఒక్కో సిలిండరు వంతు దాదాపు 325 మిల్లీలీటర్లు. సంపీడన నిష్పత్తి 9 అనుకుంటే పిస్టన్ పై అంచుకు చేరినప్పుడు మిగిలే చోటు 40 మిల్లీలీటర్లు మాత్రమే. అంతకు మించిన నీరు చేరితే, నీరు అణగదు కనుక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గాలి మార్గాన్ని పైకి లేపకుండా ఇగ్నిషన్‌ను మాత్రమే కాపాడటం ఈ కారణంగానే అర్ధాంతరమైన పని. ఇంజను నీటిలో ఆగినప్పుడు స్టార్టర్ తిప్పకూడదు. వాహనాన్ని ఒడ్డుకు లాగి, కాయిల్ కనెక్షన్ విడదీసి, ప్లగ్‌లన్నీ విప్పిన తరువాత ఇంజనును చేత్తో తిప్పాలి. సిలిండర్లలో నీరు చేరి ఉంటే ప్లగ్ రంధ్రాల గుండా బయటికి వస్తుంది.