కొలతలో ఉంది వెచ్చదనం

దూది రజాయి పాతబడి అణిగిపోతే చలి ఆగదు, మళ్ళీ ఏకించాల్సిందే. పత్తి పండే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇది తెలియనివాళ్ళుండరు. ఏకినంత మాత్రాన దూది పెరగదు, పోగుల మధ్యకు గాలి చేరుతుంది. కదలకుండా ఇరుక్కున్న ఆ గాలే ఒంటి వేడిని ఆపుతుంది. రజాయిని నీళ్ళలో ముంచితే గాలి పోయి నీరు నిండుతుంది, ఇక మిగిలేది బరువే. నీటి అడుగున కూడా గాలిని వదలని తొడుగు వెట్‌సూట్. స్కూబా డైవర్లు వేసుకునేది ఇదే.

సూర్యలంకలో, చీరాల ఓడరేవులో మనవాళ్ళు ఒడ్డున మునకలతో సరిపెట్టుకుంటారు. సముద్రం అడుగు చూడాలన్న సరదా ఉన్నవాళ్ళు విశాఖ రుషికొండకో, అండమాన్‌కో వెళ్తున్నారు. అక్కడ ఈ రబ్బరు తొడుగు చేతికిస్తే, గోరువెచ్చని నీళ్ళకు ఇదెందుకన్న సందేహం రావడం సహజం. బంగాళాఖాతం పైనీరు ఏడాదిలో ఎక్కువ కాలం 27-30 డిగ్రీల మధ్య ఉంటుంది, నిజమే. కానీ ఒళ్ళు 37 డిగ్రీలు. పైగా నీటి ఉష్ణవాహకత గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. 28 డిగ్రీల గాలిలో చెమటోడ్చే మనిషి, అదే 28 డిగ్రీల నీళ్ళలో గంటసేపుంటే వణకొచ్చు.

గుంటూరు కారం దట్టించి దిగితే సరిపోదా అంటే, పోదు. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాల గ్రాహకాన్ని మోసం చేస్తుంది. ఈ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది, 2021 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కడానికి అదే మూలం. నోరు మండుతుంది, నుదుట చెమట పడుతుంది. చెమట పట్టించడమంటే ఒంటిని చల్లబరచడమే కదా!

1951 ప్రాంతంలో అమెరికాలోని బర్కిలీలో పనిచేస్తున్న భౌతిక శాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నర్‌కు తట్టిన ఒక ఆలోచనే వెట్‌సూట్‌కు మూలం. ఈతగాడి చర్మం తడవకుండా కాపాడక్కర్లేదు, వేడిని ఆపే పని బట్టలోని వాయువే చేస్తే చాలు. అణుబాంబు తయారీలో పాల్గొన్న మనిషి ఇంత సాదాసీదా అవసరానికి పనికొచ్చే సంగతి కనిపెట్టడం నాకు ముచ్చటేస్తుంది. ఆయనకు దొరికిన పదార్థం నియోప్రీన్. 1930లో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టిన కృత్రిమ రబ్బరు. దాన్ని నురగలా పొంగిస్తే దేని గది దానికే మూసుకున్న చిన్న చిన్న బుడగలు ఏర్పడతాయి. నీరు వాటిలోకి దూరలేదు.

లోతుకు వెళ్ళేకొద్దీ మాత్రం ఆ బుడగలు నలుగుతాయి. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి రెట్టింపు, 30 మీటర్ల దగ్గర నాలుగు రెట్లు. సూటు పలచబడి వెచ్చదనం తగ్గుతుంది, తేలే గుణమూ తగ్గుతుంది. పైన తేలిపోకుండా నడుముకు కట్టుకున్న సీసపు బరువులు అడుగున ఎక్కువనిపిస్తాయి.

ఇక కొలతలు. చొక్కా కుట్టే టైలరు కాస్త లూజు ఉంచుతాడు, ఇక్కడ లూజు పనికిరాదు. సూటుకీ చర్మానికీ మధ్య చేరిన పలచని నీటిపొరను ఒళ్ళు ఒకసారి వేడి చేసుకుంటుంది. అది అక్కడే నిలవాలి. నడుము వెనక గుంటలోనో చంకలోనో ఖాళీ ఉంటే, వంగిన ప్రతిసారీ వేడెక్కిన నీరు బయటికి పోయి చల్లనీరు లోపలికొస్తుంది. ఇలా వదులైన మందపాటి సూటుకంటే ఒంటికి అతికిన పలచని సూటే నయం. రెడీమేడ్ సైజులు ఏదో ఒక సగటు ఒంటికి కుట్టినవి. ఛాతీకి సరిపోయింది పొట్టకు పట్టదు, పొట్టకు పట్టింది మణికట్టు దగ్గర వేలాడుతుంది. అందుకే కుట్టించుకునేవాళ్ళకు మెడ, ఛాతీ, నడుము, తొడ, పిక్క, చీలమండ దాకా టేపు పెడతారు. భుజం మీంచి కాళ్ళ మధ్యగా తిప్పి మళ్ళీ భుజానికి తెచ్చే కొలత కూడా తీసుకుంటారు. ఇది తగ్గితే నిలబడ్డప్పుడే భుజాలు గుంజుతాయి.

బిగుతుకూ హద్దుంది. మెడ దగ్గర మరీ నొక్కితే, అక్కడి ధమనిలో రక్తపోటును కనిపెట్టే చోటు ఒత్తుకుని గుండె వేగం తగ్గుతుంది, కళ్ళు తిరుగుతాయి. ఛాతీ పట్టేస్తే ఊపిరికే కష్టం.

కుట్టులోనూ పనితనముంది. మామూలు మిషను సూది గుడ్డను ఇటునుంచి అటు పొడుస్తుంది, ప్రతి పోటూ నీటికి దారి. మంచి సూటులో అంచులు ముందు జిగురుతో అతికిస్తారు. తర్వాత వంకీ సూది సగం మందం దాకా దిగి, వచ్చిన వైపే పైకి తేలుతుంది.

డైవ్ అయ్యాక మంచినీళ్ళలో జాడించి నీడలో ఆరేయాలి. మిరపకాయలు ఆరబెట్టే మన ఎండకు నియోప్రీన్ గట్టిపడి పగులుతుంది. మడిచి బీరువాలో పెట్టకూడదు, వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించాలి. ఎక్కువ కాలం మడిచి ఉంచితే మడత దగ్గర బుడగలు నలిగి, ఆ గీత పొడవునా సూటు పలచబడుతుంది.