ఇది గాలిమాట కాదు!

పేగు ఆపరేషన్ అయినవాళ్లనీ, పొట్టభాగంలో క్యాన్సర్ చికిత్స తీసుకున్నవాళ్లనీ గ్యాస్ బాగా ఇబ్బంది పెడుతుంది. ఆ సంగతి డాక్టరుతోనూ ఇంట్లోవాళ్లతోనూ చెప్పుకోలేకపోవడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. నిజానికి నోరువిప్పి చెబితే చాలావరకూ దారి దొరికే కష్టమిది.

పేగు ఆపరేషన్ జరిగిన రెండోరోజో మూడోరోజో డాక్టరు రౌండ్స్‌కి వస్తారు. కేస్‌షీటు చూస్తూ అడుగుతారు... 'గ్యాస్ పోయిందా?'

నలుగురి ముందూ ఆ మాట వినేసరికి మంచమ్మీది పెద్దాయన తలదించుకుంటాడు. కోడలు కిటికీవైపు చూస్తుంది. మర్నాడు ఆయన మెల్లిగా 'పోయింది సార్' అనగానే డాక్టరు మొహంలో నవ్వు, నర్సు మొహంలో నవ్వు. 'ఇక తినొచ్చు' అని మంచి కబురు!

ఆస్పత్రిలో అందరూ ఎదురుచూసిన ఆ గాలే ఇంటికొచ్చాక తలవంపులైపోతుంది. మొదట సినిమా మానేస్తారు. తర్వాత పెళ్లిళ్లు, బస్సు ప్రయాణాలు. ఆపైన తిండే తగ్గించేస్తారు... 'తింటేనే కదా ఈ బాధంతా' అనుకుంటూ. ఒంట్లోకి శక్తి రావాల్సిన సమయంలోనే మనిషి చిక్కిపోతాడు.

మొదటి గాలి... శుభవార్త
ఆపరేషన్ తర్వాత పేగులు కొద్దిరోజులు మొరాయిస్తాయి. మత్తుమందు, నొప్పి తెలియకుండా ఇచ్చే మార్ఫిన్‌లాంటి మందులు, ఆపరేషన్‌లో పేగుల్ని అటూఇటూ కదపడం... ఇవన్నీ కారణాలే. మామూలుగా చిన్నపేగు ఒకరోజులో, జీర్ణాశయం ఒకటి రెండు రోజుల్లో, పెద్దపేగు రెండు మూడు రోజుల్లో మళ్లీ పని మొదలుపెడతాయి. కిందనుంచి గాలి పోయిందంటే పేగు దారి తెరుచుకుందన్నమాట.

గాలి పోయేదాకా మంచం దిగనివ్వకుండా, ఏమీ తిననివ్వకుండా ఉంచడం పాత పద్ధతి. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ దీన్ని తిరగరాశారు. త్వరగా లేపి నడిపించి, త్వరగా తినిపిస్తే రోగి త్వరగా కోలుకుంటాడని చూపించారు. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ఆపరేషన్ మర్నాడే వరండాలో నడిపిస్తున్నారు. కొన్నిచోట్ల చూయింగ్ గమ్ నమలమంటారు. నములుతుంటే భోజనం వస్తోందనుకుని పేగులు కదులుతాయని!

ల్యాప్రోస్కోపీ చేయించుకున్నవాళ్లకి భుజం నొప్పి వస్తుంటుంది. చూడటానికి వీలుగా పొట్టలోకి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్‌లో కాస్త మిగిలిపోయి పైనున్న డయాఫ్రమ్ పొరని చికాకు పెడుతుంది. ఇది పేగులో గ్యాస్ కాదు, రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది.

ఇంత గాలి ఎక్కడిది?
ఆరోగ్యంగా ఉన్న మనిషికే రోజుకి అరలీటరు నుంచి లీటరున్నర గాలి తయారవుతుంది. పది, ఇరవైసార్లు పోతుంది. అందులో కొంత మనం మింగిన గాలి. మిగతాది, అరగకుండా పెద్దపేగు చేరిన ఆహారాన్ని అక్కడి బ్యాక్టీరియా పులియబెడితే వచ్చేది. వాసనకి కారణం అందులో ఉండే కొద్దిపాటి గంధక వాయువులే.

చికిత్స తర్వాత ఈ లెక్క మారిపోతుంది. పేగు పొడవు తగ్గితే అరగని ఆహారం ఎక్కువగా కిందికి వస్తుంది. చిన్నపేగూ పెద్దపేగూ కలిసేచోట ఒక తలుపులాంటి కవాటం ఉంటుంది. ఆపరేషన్‌లో అది పోతే పెద్దపేగు బ్యాక్టీరియా పైకి పాకొచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి, పురీషనాళ క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్ పేగు లోపలిపొరని దెబ్బతీయొచ్చు. కీమో సమయంలో కొందరికి పాలు అరిగించుకునే శక్తి తగ్గుతుంది.

ఇవి తెలుసుకోవడం ఎందుకంటే... వీటిలో చాలావాటికి మందుంది. చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగితే యాంటీబయాటిక్స్ ఇస్తారు. పైత్యరసం సరిగా ఇంకక విరేచనాలవుతుంటే దానికి వేరే మందులున్నాయి. 'ఆపరేషనయ్యాక ఇంతేలే' అనుకుని ఏళ్లతరబడి భరించాల్సిన పనిలేదు.

గాలో... మలమో!
పెద్దపేగు చివర ఉండే పురీషనాళం ఓ చిన్న గోదాములాంటిది. వచ్చింది గాలో, మలమో కనిపెట్టి చెప్పేది ఆ ప్రాంతంలోని నరాలే. క్యాన్సర్ వల్ల ఆ భాగాన్ని తీసేసి పైపేగుని కిందికి తెచ్చి కలిపితే ఆ గోదామూ ఉండదు, ఆ తెలివిడీ తగ్గుతుంది. గాలే అనుకుని వదిలితే బట్టలు పాడవుతాయి. ఆ భయంతో మనిషి గడప దాటడు.

దీన్ని కొలవడానికి 2012లో డెన్మార్క్ వైద్యులు అయిదు ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. అందులో మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? 'గాలిని ఆపుకోలేకపోవడం జరుగుతోందా' అనే! మనం నోటితో అనడానికే సిగ్గుపడే మాట వైద్యుల పట్టికలో అన్నిటికన్నా ముందుంది. కాబట్టి ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు మొహమాటపడకండి.

చాలామందికి మొదటి ఏడాదిలో ఈ ఇబ్బంది మెల్లగా తగ్గుతుంది. మలద్వారం చుట్టూ ఉన్న కండరాల్ని గాలి ఆపుకుంటున్నట్టు బిగించి వదిలే వ్యాయామం ఉపయోగపడుతుంది. ఎప్పుడు మొదలెట్టాలో, ఎన్నిసార్లు చేయాలో సర్జన్‌నో ఫిజియోథెరపిస్టునో అడగాలి.

వంటింట్లో వైద్యం
మన ప్రాంతంవాళ్లకి ఒక మంచి విషయం... అన్నం! పిండిపదార్థాల్లో గ్యాస్ చాలా తక్కువగా పుట్టించేది బియ్యమే. పేచీ అంతా పక్కనున్న కూరలతోనే. శనగలు, అలసందలు, క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లి, ముల్లంగి, చిలగడదుంప సాధారణంగా గ్యాస్ పెంచుతాయి. అందరికీ అన్నీ పడకుండా పోవు. అందుకే ఓ నోటుపుస్తకం పెట్టుకోండి. ఏం తిన్నారు, ఎన్ని గంటలకి ఉబ్బరం వచ్చింది రాయండి. పది రోజుల్లో అసలు దొంగ దొరుకుతాడు. దాన్నొక్కదాన్నే మానండి, మొత్తం తిండిని కాదు.

* పప్పుల్ని నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించండి. గ్యాస్‌కి కారణమయ్యే చక్కెరలు కొంత ఆ నీళ్లతోనే పోతాయి. మొదట పెసరపప్పు పల్చగా చేసుకుని చూడండి.
* పాలు పడట్లేదని అనుమానముంటే వారంపాటు ఆపి చూడండి. పెరుగు, మజ్జిగ చాలామందికి ఇబ్బంది పెట్టవు.
* ఒకేసారి కడుపునిండా కాకుండా కొంచెం కొంచెంగా అయిదారుసార్లు తినండి. నిదానంగా నమలండి. గబగబా తిన్నా, స్ట్రాతో తాగినా, పొగ తాగినా గాలి మింగేస్తాం. ఆస్పత్రిలో పనికొచ్చిన చూయింగ్ గమ్ కూడా ఇంటికొచ్చాక ఈ జాబితాలోకే వస్తుంది.
* గోళీసోడా తాగితే తేన్పొచ్చి 'హమ్మయ్య, పోయింది' అనిపిస్తుంది. కానీ ఆ తేన్పులో ఎక్కువభాగం సోడాతో లోపలికెళ్లిన గాలే!
* కూరలో ఇంగువ, జీలకర్ర, వాము వేసుకోవచ్చు. చూర్ణాలూ కషాయాలూ మాత్రం కీమో నడుస్తుండగా డాక్టరుకి చెప్పకుండా వాడొద్దు.
* తిన్న వెంటనే పడుకోకుండా నాలుగడుగులు నడవండి. మోకాళ్లని పొట్టకి హత్తుకునే పవనముక్తాసనం పేరులోనే ఉంది ఫలితమంతా. కానీ కుట్లు పూర్తిగా మాని, సర్జన్ సరేనన్నాకే చేయాలి.

బ్యాగ్ ఉన్నవాళ్లకి
పొట్టమీద స్టోమా పెట్టి బ్యాగ్ అమర్చినవాళ్లకి మరో చిక్కు. స్టోమాకి బిగించి ఆపే కండరం లేదు. గాలి దానికి తోచినప్పుడు వస్తుంది, చప్పుడూ చేస్తుంది. వస్తోందనిపించినప్పుడు బ్యాగ్‌మీద అరచేత్తో మెత్తగా అదిమితే చప్పుడు తగ్గుతుంది. వాసన పీల్చే బొగ్గు ఫిల్టరున్న బ్యాగులు దొరుకుతున్నాయి. గాలి పోవాలని పిన్నుతో మాత్రం పొడవొద్దు. వాసనా, తడీ రెండూ బయటికొస్తాయి. బాత్‌రూమ్‌లో బ్యాగ్ తెరిచి గాలి వదలడమే సరైన పద్ధతి.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి. తిన్నదాని తాలూకు గాలి చిన్నపేగు స్టోమా అయితే సుమారు రెండు నుంచి నాలుగు గంటల్లో, పెద్దపేగు స్టోమా అయితే ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వస్తుంది. సాయంత్రం రిసెప్షనుంటే ఆ రోజు ఏం తినాలో, ఎప్పుడు తినాలో దీన్నిబట్టి చూసుకోవచ్చు. పెళ్లి మానేయక్కర్లేదు! చిన్నపేగు స్టోమా ఉన్నవాళ్లు మొక్కజొన్న, కొబ్బరి, ములక్కాడ పిప్పి లాంటివాటితో జాగ్రత్తగా ఉండాలి. అవి అడ్డుపడే ప్రమాదముంది.

ఇలా ఉంటే ఆగొద్దు
గ్యాస్ అంటూ సర్దుకుపోకూడని సందర్భాలున్నాయి. పొట్ట ఉబ్బి గట్టిపడి, గాలీ మలమూ రెండూ ఆగిపోయి, మెలిపెట్టే నొప్పీ వాంతులూ ఉంటే పేగుకి ఎక్కడో అడ్డం పడిందేమో. స్టోమా ఉన్నవాళ్లకి బ్యాగ్‌లోకి ఏమీ రాకపోవడం కూడా అలాంటి గుర్తే. ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి ఉంటే పేగు అతికినచోట లీకవుతోందేమో. వీటికి వాము నీళ్లు, విరేచనాల మందు, ఎనీమా ఇస్తూ కూర్చోవద్దు. రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాలి. మలంలో రక్తం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, చాన్నాళ్లు బాగుండి కొత్తగా మొదలైన ఉబ్బరం... వీటిని తర్వాతి చెకప్‌దాకా ఆపకుండా ముందే చూపించాలి.

చివరగా ఇంట్లోవాళ్లకి. గాలి చప్పుడు వినపడితే నవ్వడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటే. పిల్లల్ని కోప్పడక్కర్లేదు. 'తాతయ్యకి పొట్టలో ఆపరేషనైంది, అందుకే అలా' అని ఒక్కసారి చెబితే అర్థం చేసుకుంటారు. కంచం పట్టుకుని ఆయన వేరే గదిలోకి వెళ్లిపోతుంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. కిటికీ తెరిస్తే వాసన నిమిషంలో పోతుంది. తన ఇంట్లోనే తను పరాయివాడినైపోయానన్న బాధ మాత్రం అంత తేలిగ్గా పోదు.