పిల్లల గుఱకయు, టాన్సిలుల శస్త్రచికిత్సయు

బిడ్డ నిదురలో గుఱక పెట్టుట మన యిండ్లలో నవ్వుకొని విడిచివేయు సంగతి. తాతగారి పోలిక వచ్చినదని పెద్దలు మురిసిపోవుదురు. ఒడలెఱుగని నిద్ర పట్టినదని తల్లి సంతసించును. జలుబు చేసిన నాలుగు దినములు గుఱక వినబడుట సహజము, దానికి బెంగపడ నక్కఱలేదు. కాని జలుబు లేకున్నను వారమునకు మూడు రాత్రులో అంతకు మించియో గుఱక పెట్టు బిడ్డను గూర్చి సోదరీమణులు కొంచె మాలోచింపవలెను. అట్టి పిల్లలలో కొందఱు నిద్రపోవుచున్నట్లు కనబడుచునే ఊపిరికై రాత్రియంతయు పెనుగులాడుచుందురు.

ముక్కునకు వెనుక, అంగిటికి పైభాగమున, ఎడినాయిడు అను మెత్తని గ్రంథి యున్నది. నోరు తెఱచి చూచినను అది కనబడదు. గొంతున కిరుప్రక్కల ఉండలవలె కనబడునవి టాన్సిలులు. నడుమ వ్రేలాడునది కొండనాలుక. మన వాడుకలో అన్నిటిని కలిపి “కొండనాలుక దిగిన”దందురు గాని, ఈ వ్యాధిలో దాని తప్పేమియు లేదు. రెండవ యేటినుండి ఎనిమిదవ యేటివఱకు గొంతు ఇంకను చిన్నది, ఈ గ్రంథులు మాత్రము పెద్దవి. మేలుకొని యున్నంతసేపు గొంతు కండరములు బిగువుగా నిలిచి దారిని తెఱచి యుంచును. నిద్రలో అవి సడలగానే దారి మూసికొనిపోవును. ఱొమ్ము ఎగసిపడుచుండును, గాలి మాత్రము లోనికి పోదు. నెత్తురులో ప్రాణవాయువు తగ్గును. అంతట మెదడు ఉలికిపడి బిడ్డను కుదిపి బుస్సున గాలి పీల్పించును. మఱల నిద్ర, మఱల అడ్డు. వైద్యులు దీనిని స్లీప్ ఆప్నియా యందురు. నూటికి ఒకరు మొదలు ఐదుగురు పిల్లలవఱకు దీనికి లోనగుదురని లెక్క. 1976లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డు వైద్యులు ఎనిమిదిమంది పిల్లల వృత్తాంతమును ప్రకటించిన పిమ్మటనే వైద్యలోకము దీనిని పిల్లల వ్యాధిగా పట్టించుకొన నారంభించినది.

పెద్దలకు ఈ వ్యాధి వచ్చిన పగలు కునికిపాట్లు పడుదురు. పిల్లల తీరు వేఱు. కాలు నిలువదు, చిఱాకు హెచ్చును, పుస్తకముపై చూపు నిలువదు. మానిన పక్క తడుపుట మఱల మొదలగును. మెడ వెనుకకు విఱిచి, నోరు తెఱచి, చెమటలతో పడుకొందురు. కొందఱు తిండి తినుచున్నను ఎదుగరు. అల్లరివాడనియు మొద్దనియు దెబ్బలు తినువారిలో ఇట్టి పిల్లలును కలరని తలచుకొన్నప్పుడు మాకు మిక్కిలి కష్టముగా నుండును.

శస్త్రచికిత్స యనగానే మన అత్తగార్లును అమ్మమ్మలును వెనుకాడుట అకారణము కాదు. కొండనాలుకకు మందు వేసిన ఉన్ననాలుక ఊడినదను సామెత ఊరక పుట్టలేదు. ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున పాశ్చాత్యదేశములలో టాన్సిలులు తీయుట వేలంవెఱ్ఱిగా సాగినది. న్యూయార్కు పాఠశాలలలో 11 ఏండ్ల పిల్లలను 1000 మందిని చూచి 1934లో ప్రకటించిన లెక్క యొకటి కలదు. వారిలో 611 మందికి అప్పటికే టాన్సిలులు తీసివేసి యుండిరి. మిగిలిన 389 మందిని వైద్యులకు చూపగా 174 మందికి తీయవలెననిరి. అక్కఱలేదన్న 215 మందిని వేఱు వైద్యులకు చూపిరి. వారిలో 99 మందికి తీయవలెనని తీర్పు! తక్కిన 116 మందిని మూడవమాఱు చూపగా మఱి 51 మంది తేలిరి. బిడ్డ గొంతుకంటె వైద్యుని అలవాటే తీర్పు చెప్పినదన్నమాట. 1938లో ఇంగ్లండున గ్లోవర్ అను వైద్యుడు పాఠశాలల పిల్లలకు జరిగిన ఈ చికిత్సల లెక్క తీసి, ఒక ప్రాంతమునకును మఱియొక ప్రాంతమునకును విపరీతమైన భేదము కలదని చూపెను. రోగములో భేదముచే దానికి కారణము దొరకలేదు.

కావున “టాన్సిలులు పెద్దవి, తీసివేయుదము” అను మాట చాలదు. పెద్ద టాన్సిలులు గల బిడ్డ హాయిగా నిద్రించుటయు, అంత పెద్దవి కానివాడు ఊపిరాడక కొట్టుకొనుటయు కలవు. ఇందులో రాత్రియే సాక్షి, ఆ సాక్ష్యమును చూడగలది తల్లియే. పగటిపూట వైద్యుని గదిలో ఈ వ్యాధి కనబడదు. తెల్లవాఱుజామున కలల నిద్ర హెచ్చుగా నుండును గనుక అప్పుడే అడ్డులును హెచ్చగును. రెండు మూడు రాత్రులు ఆ వేళకు లేచి, బిడ్డ ఱొమ్ము కనబడునట్లు చొక్కా పైకి తీసి, చేతి ఫోనుతో రెండు నిమిషముల చిత్రము తీసి యుంచుకొనుడు. గుఱక ఆగి, నిశ్శబ్దమై, పిమ్మట ఎగపీల్చుట కనబడెనా యన్నది వైద్యునికి మీ మాటలకంటె ఆ చిత్రమే చక్కగా చెప్పును.

నిశ్చయముగా తేల్చునది నిద్రాపరీక్ష. బిడ్డ ఒంటికి తీగలు అంటించి ఒక రాత్రి నిద్రపుచ్చి, గంట కెన్నిమాఱులు ఊపిరి ఆగెనో, తగ్గెనో లెక్కింతురు. పిల్లలలో ఈ సంఖ్య 1కి మించిన సహజము కాదు. 10 అయినను అంతకు మించినను వ్యాధి తీవ్రము. ఈ పరీక్ష పెద్ద నగరములలోనే దొరకును. అది లేనిచోట వ్రేలికి తగిలించు యంత్రముతో రాత్రి ప్రాణవాయువును కొలిచి, ముక్కు వెనుకభాగమును దుర్భిణితోనో ఎక్సురేతోనో చూచి నిర్ణయించుట కలదు.

ఇక నిర్ణయము. 2013లో అమెరికాలో 5 నుండి 9 ఏండ్లలోపు పిల్లలను 464 మందిని రెండు పక్షములు చేసి, ఒక పక్షమునకు వెంటనే శస్త్రచికిత్స చేసి, రెండవ పక్షమును ఏడు నెలలు కనిపెట్టి చూచిరి. ప్రాణవాయువు దీర్ఘముగా పడిపోవు తీవ్రరోగులను ఇందు చేర్చలేదు. ఏడు నెలల పిమ్మట నిద్రాపరీక్ష సరియైనవారు చికిత్స పక్షమున నూటికి 79 మంది, వేచియున్న పక్షమున 46 మంది. చికిత్స పొందినవారి నిద్రయు నడవడియు బాగుపడినవి. కాని అవధానపరీక్షలలో మాత్రము రెండు పక్షములకు చెప్పదగిన భేదము లేదు. 2023లో స్వల్పవ్యాధి గల 459 మందిపై వెలువడిన మఱియొక పరిశోధనయు ఇంచుమించుగా ఇట్లే తేల్చినది. చికిత్స చేయింపగానే బిడ్డ తరగతిలో మొదటివాడగునని ఆశపడరాదు. స్వల్పవ్యాధిలో కొన్ని నెలలు వేచియుండుటయు తప్పు కాదు.

అయితే వేచియుండుట మఱచిపోవుట కాదు. మఱల చూపించు తేదీ వ్రాసి యుంచుకొనవలెను. ఈలోగా ముక్కులో కొట్టు స్టెరాయిడు మందు కొందఱికి మేలు చేయును. మాంటెలుకాస్టు అను మాత్ర యిచ్చిన, బిడ్డ స్వభావములో మార్పు, పీడకలలు కనబడునేమో కనిపెట్టుడు. 2020లో అమెరికా ఔషధశాఖవారు దానిపై గట్టి హెచ్చరిక వేసిరి. పరీక్షలో వ్యాధి తీవ్రమని తేలినప్పుడు గాని, బిడ్డ ఎదుగుదల ఆగినప్పుడు గాని, శ్రావణము దాటనిండనియు పరీక్షలు కానిండనియు జాగు చేయుట మా కిష్టము లేదు. అత్తగారికి నచ్చజెప్పవలసిన పట్ల ఆ ఫోనులోని చిత్రమును ఆమెకును చూపుడు. మనుమడు ఊపిరికై కొట్టుకొనుట చూచి కాదనగల పెద్దలు అరుదు.

టాన్సిలులు పోయిన రోగములను తట్టుకొను శక్తి పోవునా యని పలువు రడుగుదురు. ఆ పని చేయు గ్రంథులు దేహమున ఇంకను పెక్కు కలవు. టాన్సిలును పూర్తిగా తీయక పైభాగమును మాత్రము తఱుగు పద్ధతియు కలదు. నొప్పి తక్కువ, నెత్తురు పోవుట తక్కువ, మఱల పెరుగుట మాత్రము అరుదుగా కలదు. ఏ పద్ధతియో ముందుగనే అడుగుడు. బిడ్డకు మూడేండ్లు నిండకున్నను, వ్యాధి తీవ్రమైనను ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచవలెను.

మత్తు ఇచ్చుటకు ఆఱు గంటల ముందునుండి అన్నము, పాలు పనికిరావు. ఆకలికి ఏడ్చు మనుమనికి చాటుగా అమ్మమ్మ యిచ్చిన గుటకెడు పాలు మత్తులో ఊపిరితిత్తులలోనికి పోయిన ప్రాణాపాయము. ఇంటివా రందఱికిని ఈ మాట ముందే చెప్పి యుంచుడు.

పిమ్మట వారము పదిదినములు నొప్పి యుండును, చెవిపోటుకూడ వచ్చును. గొంతులో తెల్లని పొర కట్టుట చీము కాదు, మానుచున్న పుండు. మ్రింగనని మొండికేసినను మజ్జిగ, చల్లార్చిన జావ, మెత్తని పెరుగన్నము కొంచెము కొంచెముగా పట్టుచుండవలెను; నీరు తగ్గిన నొప్పి హెచ్చును. వైద్యుడు చెప్పిన పారాసిటమాలు వేళకు ఇచ్చుచుండుడు. ఇంటిలో మిగిలియున్న దగ్గుమందు పోయరాదు. అందు కోడీను ఉండవచ్చును, 12 ఏండ్లలోపు పిల్లలకు దానివలన ఊపిరి మందగించి ప్రాణములు పోయిన సందర్భములు కలవు. అయిదవ దినమునుండి పదవ దినమువఱకు పొర ఊడు సమయమున కొందఱికి నెత్తురు పోవును. ఎఱ్ఱని నెత్తురు ఉమ్మినను, నిద్రలో మాటిమాటికి గుటకలు వేయుచున్నను, తెల్లవాఱనిమ్మని ఆగక ఆసుపత్రికి పోవలెను. అందుచేత రెండు వారములపాటు పెండ్లిండ్లకనియు పుట్టింటికనియు ఆసుపత్రికి దూరమైన యూళ్లకు ప్రయాణము పెట్టుకొనకుడు.

కొందఱి గుఱక దీనితో పూర్తిగా పోదు. స్థూలకాయులైన పిల్లలలో ఇది తఱచు. రెండు మూడు నెలలు గడచిన పిమ్మట మఱల ఆ తెల్లవాఱుజామునకు లేచి, బిడ్డ ప్రక్కన కూర్చుండి వినుడు. గుఱక మిగిలియున్నచో నిద్రాపరీక్ష మఱల చేయింపవలెను.