ముక్కే మన అలారం
గ్యాస్ లీకైతే గుప్పుమనే ఆ కంపు నిజానికి గ్యాస్‌ది కాదు! వంటగ్యాస్‌కి వాసనే ఉండదు. లీకైతే మనకు తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు. గాల్లో అది రవ్వంత ఉన్నా ముక్కు పసిగట్టేస్తుంది. కరోనాతో రెండు వారాలు వాసన తెలియకపోయేసరికి, ఈ కాపలా విలువేంటో నాకు అర్థమైంది. పోపు మాడినా, పొగ కంటపడితేనే తెలిసేది.

ఇక్కడో తిరకాసుంది. అదే వాసన కాసేపు పీలిస్తే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. కంపు తగ్గిందంటే లీకు ఆగిందని కాదు! అందుకే వాసన తగలగానే రెగ్యులేటర్ ఆపేసి, కిటికీలు తెరవండి. స్విచ్‌లు మాత్రం ముట్టుకోవద్దు. బయటికొచ్చాకే 1906కి ఫోన్ చేయండి. జలుబుతో ముక్కు మూసుకుపోయిందా? స్టవ్ వెలిగించే ముందు ఇంట్లో ఇంకొకర్ని వాసన చూడమనండి.