నాగసాకికి వెళ్లాలని

జపాను అనగానే అందరూ టోక్యో, క్యోటో అంటారు. చిల్కానగర్‌లోని మా సంఘములో కొన్ని కుటుంబాలవారము నాగసాకి చూడాలని చీటీ వేసుకున్నాము. అంత డబ్బు విహారానికా అని పెద్దలు అడిగారు. అడగవలసిన మాటే.

ఫుకువోకాలో విమానం దిగి, రైలెక్కి, తకెవో ఒన్సెన్‌లో బండి మారాలి. జూన్, జూలై వానలు తప్పించుకుంటే మంచిది. ఊరిలో ట్రాములున్నవి, నడవలేని వృద్ధులకు మేలు.

స్టేషను దగ్గరే నిషిజాకా గుట్ట. 1597 ఫిబ్రవరి 5న అక్కడ 26 మందిని సిలువ వేసి చంపారు. వారిలో ఒక బాలునికి 12 ఏండ్లే. 1614లో దేశమంతటా క్రైస్తవ్యాన్ని నిషేధించారు. కొంతకాలానికి గురువులే లేకుండా పోయారు. తల్లిదండ్రులే పిల్లలకు ప్రార్థనలు నోట నేర్పారు, విశ్వాసులే బాప్తిస్మమిచ్చుకున్నారు. 1865 మార్చి 17న ఉరకామి పల్లెవాసులు కొత్తగా కట్టిన ఓరా గుడికి వచ్చి, ఫ్రెంచి గురువు పెతిజాన్‌తో తామూ విశ్వాసులమేనని మెల్లగా చెప్పారు. రెండు వందల ఏండ్లు దాటిన మరుగు! వారు కతోలికులు, మనము కాము. అయినా సండేస్కూలుకు పిల్లలను పంపడానికే బద్ధకించే మన ఇండ్లలో ఇది చెప్పుకోదగిన సంగతి.

ఆ ఉరకామి మీదనే 1945 ఆగస్టు 9న అణుబాంబు పేలింది. అక్కడి పెద్ద గుడి కూలింది, లోపలివారు మరణించారు. 1959లో మరల కట్టారు.

మాలో ఒక కుటుంబము, ఊళ్లో బోరు వేయించాలని చీటీ నుండి తప్పుకున్నది. వారిని ఎవరమూ తప్పుపట్టలేదు. మిగిలినవారము నెలనెలా కడుతూనే ఉన్నాము.