పిడికెడు పొట్టకు పెద్ద పథ్యం
స్థూలకాయ శస్త్రచికిత్స తర్వాత మాంసకృత్తులు, విటమిన్లు మరువరాదు

బాలాపూర్: వినాయక నిమజ్జనం రోజున జరిగే లడ్డూ వేలంతో బాలాపూర్ పేరు ఊరూరా మారుమోగుతుంది. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2025లో 35 లక్షల రూపాయలకు చేరింది. లడ్డూ ధర పెరిగినట్లే ఊరి రూపూ మారిపోయింది. 2016లో మండల కేంద్రమైన ఈ గ్రామం చుట్టూ చేలు పోయి కాలనీలు వెలిశాయి. జొన్న గట్క తాగి చేనుకు నడిచి వెళ్ళిన వారి మనుమలు, మనుమరాండ్రు నేడు కుర్చీలో కూర్చుని కొలువు చేస్తున్నారు. కాళ్ళకు పని తగ్గింది. ఒంటికి బరువు పెరిగింది.

ఇది ఒక్క బాలాపూర్ సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళలోపు స్త్రీలలో నూటికి 30 మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో నూటికి 57 మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే బరువు ఎక్కువ ఉన్నంత మాత్రాన ఒంట్లో పోషణ ఉన్నట్లు కాదు. లావుగా కనిపించే మనిషిలోనూ ఇనుము, విటమిన్లు అడుగంటి ఉండవచ్చును.

మితిమీరిన స్థూలకాయానికి, దానితో వచ్చే మధుమేహానికి పొట్ట శస్త్రచికిత్స చేయించుకునే వారు నగరంలో పెరుగుతున్నారు. ప్రైవేటు ఆసుపత్రులే కాదు, 2023లో ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు సైతం 200 కిలోలు దాటిన ఒక యువకునికి ఈ శస్త్రచికిత్స చేశారు. ఆపరేషన్ కొన్ని గంటల్లో ముగుస్తుంది. అసలు పని ఆ తర్వాత వంటింట్లో మొదలవుతుంది. ఆ పని సరిగా జరగకపోతే తగ్గిన బరువుతోపాటు కండ, ఎముక, రక్తం కూడా తగ్గిపోతాయి.

పొట్టలో ఏం జరుగుతుంది?

ఈ శస్త్రచికిత్సలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి దానిలో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, నాలుగింట మూడు వంతులకు పైగా తొలగిస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఒక సన్నని గొట్టం. దీనిని స్లీవ్ అంటారు. రెండవ దానిలో జీర్ణాశయం పైభాగాన చిన్న సంచి చేసి, దానిని చిన్నపేగు కింది భాగానికి అతికిస్తారు. దీనిని బైపాస్ అంటారు. గుండె బైపాస్‌కూ దీనికీ సంబంధం లేదు.

మొదటి రకంలో తినగలిగేది తగ్గుతుంది. రెండవ రకంలో తినగలిగేదీ తగ్గుతుంది, తిన్నది ఒంటబట్టేదీ తగ్గుతుంది. ఇనుము, కాల్షియం ఎక్కువగా చిన్నపేగు మొదటి భాగంలోనే రక్తంలోకి ఇంకుతాయి. బైపాస్ తర్వాత ఆహారం ఆ దారిన పోదు. బి12 విటమిన్ ఒంటబట్టాలంటే జీర్ణాశయం గోడల నుంచి ఊరే ఒక పదార్థం తోడు కావాలి. రెండు రకాల ఆపరేషన్లలోనూ ఆ ఊట తగ్గుతుంది, లేదా ఆహారానికి సరిగా అందదు. కనుక నోటికి రుచించినది తింటూ, మిగతా సంగతి ఒళ్ళే చూసుకుంటుందిలే అనుకునే వీలు ఇక లేదు.

పాత పథ్యం పనికిరాదు

తెలుగు ఇళ్ళలో ఆపరేషన్ అనగానే పథ్యం గుర్తుకు వస్తుంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు చలువ చేస్తుందని పెద్దవాళ్ళు వాటిని దూరం పెడతారు. కారప్పొడి అన్నం, చారు అన్నం పెడతారు. వారి ప్రేమను తప్పు పట్టవలసిన పని లేదు. కాని ఈ శస్త్రచికిత్స తర్వాత ఆ పథ్యం మేలుకన్నా కీడు ఎక్కువ చేస్తుంది. పప్పు వల్ల చీము పట్టదు. కోత మానడానికి కావలసినవే మాంసకృత్తులు. అవి ఉండేది పప్పులో, గుడ్డులో, పెరుగులో, చేపలో, కోడిమాంసంలో. వాటిని ఆపివేసి చారు అన్నంతో చిన్న పొట్టను నింపితే ఇక మరి దేనికీ చోటు ఉండదు.

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో ద్రవాలే ఇస్తారు. తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ పైన ముద్దగా వండినవి, చివరకు మామూలు తిండి. ఈ మెట్లు ఎన్ని రోజులకు ఒకటి ఎక్కాలో ఆపరేషన్ చేసిన వైద్యుడే చెప్పాలి. ఏ మెట్టు మీద ఉన్నా సూత్రం ఒకటే. విస్తరిలో ముందు తినవలసింది మాంసకృత్తులున్న పదార్థం. తర్వాత కూరగాయ. అన్నం, రొట్టె చివర. పొట్ట నిండిందనిపిస్తే ఆగిపోవలసింది అన్నం దగ్గరే గాని గుడ్డు దగ్గర కాదు. బాగా నమిలి, నిదానంగా తినాలి. భోజనంతోపాటు నీళ్ళు తాగరాదు. అరగంట ఎడం ఇచ్చి, గుక్క గుక్కగా రోజంతా తాగాలి.

అరవై గ్రాముల లెక్క

మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున రోజూ మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించింది. ఈ శస్త్రచికిత్స చేయించుకున్న వారికి రోజుకు 60 నుంచి 80 గ్రాములు కావాలన్నది వైద్యుల సాధారణ సూచన. కొందరికి ఇంకా ఎక్కువ అవసరం కావచ్చు.

అరవై గ్రాములంటే ఎంత? రెండు కోడిగుడ్లలో సుమారు 13 గ్రాములు ఉంటాయి. గ్లాసెడు పాలలో 6. పచ్చిగా 75 గ్రాములు తూగే కోడిమాంసం లేదా చేపలో 15. పాతిక గ్రాముల కందిపప్పును గట్టిగా వండితే 5. చిన్న గిన్నెడు పెరుగులో 3. యాభై గ్రాముల పనీరులో 9. అన్నీ కలిపితే 51. ఇంత తిన్నా ఇంకా తొమ్మిది గ్రాములు తక్కువే. పిడికెడు పొట్ట గల మనిషి ఇదంతా ఒకేసారి తినలేడు. అయిదారు సార్లుగా పంచుకోవాలి. మొదటి నెలల్లో అదీ సాధ్యం కాకపోవచ్చు. అందుకే వైద్యులు మాంసకృత్తుల పొడిని పాలలోనో మజ్జిగలోనో కలిపి తాగమంటారు. అది కండలు పెంచే కుర్రవాళ్ళ వస్తువని సిగ్గుపడనక్కరలేదు. ఇక్కడ అది మందుతో సమానం.

శాకాహారులు మరింత జాగ్రత్తగా లెక్క వేసుకోవాలి. పాతిక గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పెసర, శనగ, పుట్నాల పిండి, పనీరు, మీగడ తీసిన పాలు వారికి ఆసరా. పప్పుచారులో పప్పు తక్కువ, నీళ్ళు ఎక్కువ. ముద్దపప్పే మేలు.

తీపి విషయంలో హెచ్చరిక అవసరం. బైపాస్ అయిన వారు లడ్డూ, జిలేబి వంటివి తింటే చక్కెర ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగుతుంది. కొద్ది నిమిషాల్లో చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకోవచ్చు. కొందరికి రెండు మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ప్రసాదం కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటే చాలు.

పాత జబ్బు, కొత్త దారి

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టుక ఈ సందర్భంలో చెప్పుకోదగినది. 1918లో తమిళనాట కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒక గదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధనా కేంద్రమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మరలో తెల్లగా పట్టిన పచ్చిబియ్యమే ప్రధాన ఆహారంగా తినే ఉత్తర సర్కారు జిల్లాలు ఆనాడు బెరిబెరికి ఆలవాలం. తవుడుతోపాటు బి1 విటమిన్ పోవడమే దానికి కారణం.

జనంలో దాదాపు మరుగునపడిన ఆ జబ్బు ఇప్పుడు మరో దారిన వస్తున్నది. పొట్ట శస్త్రచికిత్స తర్వాత రోజుల తరబడి వాంతులు అయ్యేవారిలో బి1 నిల్వలు రెండు మూడు వారాల్లోనే హరించుకుపోతాయి. కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడి మతి చెదరడం దాని లక్షణాలు. ఆలస్యమైతే మెదడుకు కలిగిన నష్టం శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇక్కడొక ప్రమాదం పొంచి ఉన్నది. నీరసంగా ఉన్నదనగానే దగ్గరలోని క్లినిక్కుకు వెళ్ళి గ్లూకోజ్ సీసా ఎక్కించుకోవడం మన ప్రాంతంలో అలవాటు. బి1 లోపించిన మనిషికి ముందుగా ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త నిల్వ కూడా ఖర్చయి పరిస్థితి విషమించవచ్చు. కనుక ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా తనకు పొట్ట ఆపరేషన్ అయిన సంగతి ముందే చెప్పాలి. వాంతులు రెండు మూడు రోజులకు మించి సాగితే ఇంట్లో ఉండరాదు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్ళాలి.

రక్తం, నరాలు, ఎముకలు

బి12 లోపం ఇందుకు భిన్నం. అది మెల్లగా వస్తుంది. కాలేయంలో దాని నిల్వ సంవత్సరాల పాటు ఉంటుంది కనుక మొదటి ఏడు ఏమీ తెలియదు. తర్వాత ఆయాసం, అరికాళ్ళలో మంటలు, మరపు మొదలవుతాయి. ఇది మాంసం, గుడ్లు, పాలలో తప్ప మొక్కల ఆహారంలో దొరకదు. ఆపరేషన్ తర్వాత దీనిని ఎక్కువ మోతాదు బిళ్ళగానో, నెలకొక ఇంజెక్షన్‌గానో తీసుకోవలసి ఉంటుంది.

ఇనుము తగ్గితే రక్తహీనత. నెలసరి అయ్యే స్త్రీలకు రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము సూచిస్తారు. కాల్షియం అన్ని వైపుల నుంచీ కలిపి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి. చాలకపోతే ఒళ్ళు దానిని ఎముకల నుంచి తోడుకుంటుంది. వంద గ్రాముల రాగులలో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. రాగి జావ మంచిదే గాని అదొక్కటే చాలదు. డి విటమిన్ లేనిదే కాల్షియం ఒంటబట్టదు. మూడు నాలుగు నెలలకు జుట్టు రాలడం చాలామందిలో కనిపిస్తుంది. అది ఎక్కువగా తాత్కాలికమే. ఆగకుండా రాలితే మాంసకృత్తులు, ఇనుము, జింకు చాలుతున్నవో లేదో చూపించుకోవాలి.

ఇక ఫోలిక్ ఆమ్లం. దీని కథలో తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు స్ప్రూ వ్యాధితో మరణించారు. తిన్నది పేగులకు ఒంటబట్టకపోవడమే ఆ వ్యాధి. ఆ సుబ్బారావే అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించగా, 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగారు. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచితంగా ఇచ్చే బిళ్ళలో ఇనుముతోపాటు ఉండేది అదే. శస్త్రచికిత్స అయిన స్త్రీలు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలని వైద్యులు చెబుతారు. ఫోలిక్ ఆమ్లం లోపిస్తే కడుపులోని బిడ్డ వెన్నుపాము, మెదడు సరిగా ఏర్పడకపోవచ్చు.

బిళ్ళలకూ వేళలున్నాయి

బిళ్ళలన్నీ ఒక్క గుక్కలో మింగరాదు. ఇనుము, కాల్షియం ఒకదానినొకటి అడ్డుకుంటాయి. రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. కాల్షియం ఒకసారికి 500, 600 మిల్లీగ్రాములకు మించితే ఒంటబట్టదు కనుక రెండు మూడు విడతలుగా వేసుకోవాలి. కడుపులో ఆమ్లం తగ్గిన వారికి కాల్షియం సిట్రేట్ అనే రకం మేలు. ఇనుము బిళ్ళ మింగి వెంటనే చాయ్ తాగితే సగం వృథా. నిమ్మరసంతో అయితే మంచిది. శంషాబాద్ విమానాశ్రయంలో షిఫ్టు కొలువులు చేసేవారు గడియారాన్ని బట్టి గాక, నిద్ర లేచిన వేళను బట్టి ఈ క్రమం ఏర్పరచుకోవచ్చును.

ఒక్కపొద్దులు, రోజాలు ఉండదలచిన వారు ముందుగా వైద్యుని అడగాలి. మొదటి నెలల్లో ఉపవాసం తగదు. కార్తికంలో, శ్రావణంలో మాంసం మానేవారు ఆ నెలంతా గుడ్డు, చేపల లోటును పాలు, పనీరు, పప్పుల పొడితో భర్తీ చేసుకోవాలి.

ఎంతకాలం?

ఈ ప్రశ్నకు జవాబు చాలామందికి నచ్చదు. జీవితాంతం. బరువు తగ్గి, చక్కెర అదుపులోకి వచ్చి, ఒళ్ళు తేలికపడిన తర్వాత బిళ్ళలెందుకులే అనిపిస్తుంది. రక్తపరీక్ష ఖర్చు దండుగ అనిపిస్తుంది. లోపాలు మొలకెత్తేది సరిగ్గా అప్పుడే. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటా ఒకసారి పరీక్షలు చేయించుకోవాలి.

కనుక శస్త్రచికిత్సకు డబ్బు కూడబెట్టుకునే కుటుంబం ఆపరేషన్ బిల్లు ఒక్కటే లెక్క వేసుకోరాదు. ఏటా అయ్యే మందులు, పరీక్షల ఖర్చు కూడా అందులో కలుపుకోవాలి. ఆపరేషన్‌కు ముందే రక్తం, బి12, డి విటమిన్ పరీక్షించుకుని, ఉన్న లోటు పూడ్చుకోవాలి. వైద్యుడు ఆహారం గురించి చెప్పేటప్పుడు రోగి ఒక్కరే గాక, ఇంట్లో వండిపెట్టేవారు కూడా పక్కన ఉండి వినవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. కత్తి పట్టిన డాక్టరు పని ఒక్క పూటతో ముగుస్తుంది. గరిటె పట్టిన వారి పని ప్రతి పూటా ఉంటుంది.