దిక్కులేని బిడ్డకు, తల్లికి మొదటి రోజే ముఖ్యం

మన మార్టూరు నుండి హైవే మీద బస్సెక్కితే రెండు మూడు గంటల్లో విజయవాడ చేరవచ్చు. ఇంట్లో దెబ్బలు భరించలేని పిల్లవాడు, పరీక్ష తప్పి భయపడిన పిల్లవాడు, భర్త గెంటివేసిన తల్లి అక్కడికే చేరుతుంటారు. చెన్నై, హైదరాబాదు, ఢిల్లీ, కలకత్తా వైపు రైలు మార్గాలు కలిసే జంక్షన్ కనుక దూర ప్రాంతాల పిల్లలు కూడా అక్కడే దిగుతారు. అక్కడ వారిని ముందుగా పలకరించేది ఎవరు అన్న దాని మీదే వారి భవిష్యత్తు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

నవజీవన్ బాలభవన్

ఈ సంగతి గ్రహించి డాన్ బోస్కో సలేషియన్ సభ ఫాదర్లు 1989లో విజయవాడలో నవజీవన్ బాలభవన్‌ను ప్రారంభించారు. ఈ సభను స్థాపించిన జాన్ బోస్కో, ఇటలీలోని ట్యూరిన్ నగరంలో దిక్కులేని మగపిల్లల కోసం పనిచేసిన గురువు. నవజీవన్ కార్యకర్తలు స్టేషన్‌కు, వీధులకు వెళ్లి పిల్లలతో స్నేహం చేస్తారు. తిండి, స్నానం, నిద్రకు చోటు చూపిస్తారు. బిడ్డకు నమ్మకం కుదిరాక ఊరు, పేరు తెలుసుకొని ఇంటికి చేర్చే ప్రయత్నం చేస్తారు. ఇంటికి వెళ్లలేని వారిని బడిలోనో, చేతిపనిలోనో పెడతారు.

ఆరోగ్యం విషయంలో

వీధిలో ఉన్న పిల్లల్లో గజ్జి, పేలు, రక్తహీనత, చీముపట్టిన గాయాలు ఎక్కువ. ఆకలి తెలియకుండా వైట్‌నర్ పీల్చే అలవాటు కూడా కొందరికి అవుతుంది. ఇది మెదడును, గుండెను దెబ్బతీస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. చాలా రోజులు తిండిలేని బిడ్డకు ఒక్కసారిగా కడుపు నిండా పెట్టకూడదు. మెత్తటి అన్నం కొద్దికొద్దిగా పెట్టి వెంటనే డాక్టరుకు చూపించాలి. లైంగిక దాడి జరిగిందన్న అనుమానం ఉంటే స్నానం చేయించకుండా, బట్టలు మార్చకుండా ఆసుపత్రికి తీసుకురండి. చికిత్సకు పోలీసు కాగితం అవసరం లేదు.

తల్లుల సంగతి

ఇల్లు లేని గర్భిణి కనబడితే 108కి ఫోన్ చేయండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం క్రింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. గృహహింసతో బయటపడిన తల్లి 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం వారు తాత్కాలిక వసతి, వైద్యం, న్యాయ సహాయం అందిస్తారు.

బిడ్డను పెంచలేనని ఏ తల్లి అయినా ఏడిస్తే ఆమెను తిట్టవద్దు. చెత్తకుండీ దగ్గర వదిలేయడం, డబ్బుకు ఇచ్చేయడం నేరం. బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను చట్టప్రకారం అప్పగించే మార్గం ఉంది. అప్పగించాక మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు కూడా ఉంటుంది.

మనం చేయవలసినవి

1. ఒంటరి బిడ్డ కనబడితే 1098కి ఫోన్ చేయండి. 1996లో ముంబైలో మొదలైన ఈ సేవను 2023 నుండి ప్రభుత్వమే నడుపుతున్నది. పగలు, రాత్రి పలుకుతుంది, ఖర్చు లేదు.

2. "పాపం, మన ఇంట్లోనే ఉండనీ" అని ఉంచేసుకోవద్దు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 24 గంటల్లో తెలియజేయాలి. ఈ నియమం ఆసుపత్రులకు కూడా వర్తిస్తుంది. చెప్పకపోతే శిక్ష ఉంది. జాలితో ఉంచుకున్న బిడ్డ నాలుగు రోజుల్లో గిన్నెలు తోమే బిడ్డగానో, మిరప కోతకు వెళ్లే బిడ్డగానో మారిపోవడం మనకు తెలియనిది కాదు.

3. బిడ్డ చేతిలో డబ్బు పెట్టవద్దు. తిండి పెట్టి, పక్కన కూర్చొని, సహాయం వచ్చేవరకు ఉండండి.

4. మీ బిడ్డ తప్పిపోతే "రేపు వస్తాడులే" అని ఆగవద్దు. వెంటనే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి. ఇటీవలి ఫోటో దగ్గర ఉంచుకోండి.

5. తిరిగివచ్చిన బిడ్డను మొదటి రోజు కొట్టవద్దు, నలుగురిలో నిలదీయవద్దు. ఏ బాధతో వెళ్లాడో అది తీరకపోతే మళ్లీ అదే రైలు ఎక్కుతాడు.

1098, 181, 108. ఈ మూడు నంబర్లను ఇంట్లో క్యాలెండరు మీద వ్రాసి పెట్టుకోవలసిందిగా కోరుతున్నాము.